బోణీ వేళ ఎడమ చెయ్యి

మొన్న మా మనవరాలు శ్రావణి నన్ను వెంటబెట్టుకుని నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఒక ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లింది. పెరట్లో వాడకుండా పడున్న రేకుల షెడ్డులో చిన్న పనిశాల పెట్టుకుంటుందట. రేకులు కోసి, వంచి, దీపాల గూళ్లూ పూల కుండీల స్టాండ్లూ చేస్తుందట. పనిముట్లు ఎంచిపెట్టడానికి నన్ను నిపుణుణ్ణిగా పిలిచింది. నా నైపుణ్యం సంగతి కళ్లారా చూసినవాళ్లెవరూ ఇప్పుడు మిగల్లేదు కాబట్టి ఆ హోదా నాకు సులువుగానే దక్కింది. కొట్టు అప్పుడే తెరిచారు. గల్లాపెట్టె మీద అగరొత్తి సగమైనా కాలలేదు. మేమే బోణీ బేరం. కొట్టాయన రేకులు కోసే కత్తెర ఒకటి తీసి చాచగానే శ్రావణి ఎడమ చెయ్యి ముందుకు పెట్టింది. నేను గొంతు సవరించుకున్నాను.

"మంచినీళ్లు కావాలా తాతయ్యా?" అంది.

నీళ్లతో పోయే గొంతు కాదది. అసలు నా గొంతే కాదు, మా నాయనమ్మది. యాభై ఏళ్ల పైమాట. ఇదే వీధిలో, ఇలాగే బోణీ వేళ, నా ఎడమ చెయ్యి ముందుకు పోబోతుంటే ఆవిడ సవరించుకున్న గొంతు. ఇన్నేళ్లూ నాలో ఎక్కడ దాక్కుందో గానీ పనిబడగానే ఠంచనుగా బయటికొచ్చింది. వద్దని తలూపి అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. ఆ పిల్ల కత్తెరలు చూస్తున్నంతసేపూ నేను వేరే కత్తెర ఎండల్లో తిరిగొచ్చాను.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. గుంటూరులో ఇంటర్మీడియట్ పరీక్ష రెండుసార్లు రాశాను. రెండోసారి రాసింది మొదటిదానికి నకలులా ఉండటంతో ఫలితం కూడా నకలే వచ్చింది. పుస్తకాల పెట్టె భుజాన వేసుకుని ఊరికి తిరిగొచ్చాను. నరసరావుపేటకు ఎద్దుల బండి మీద రెండు గంటల ప్రయాణం మా ఊరు. పొలంలో నిలబడితే కోటప్పకొండ కనబడుతుంది. నా పేరు కోటయ్య కావడానికి అదే కారణం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ వంటింటికి అధికారి, మిగతా భూగోళానికంతటికీ నాయనమ్మ. ఆవిడ పొద్దున్నే లేచి, పేడ కళ్లాపి వాసన ఇంకా ఆరకముందే ఇల్లంతా ఒక చుట్టు తిరిగేది. తిరుగుతూ ప్రతిదాన్నీ మడిచిన వేలి కణుపుతో కొట్టి చూసేది. నీళ్ల కాగు, పప్పు కుండ, బండి చక్రం, జొన్నల గాదె, చివరికి పడుకున్న నా వీపు. ఆ శబ్దాన్ని బట్టి ఏది నిండుగా ఉందో, ఏది పగిలిందో, ఎవరు నిద్ర నటిస్తున్నారో చెప్పేది. తప్పు చెప్పడం నేను వినలేదు.

ఆవిడ మరమ్మతుకు లొంగనిది ఒక్కటే, నా ఎడమ చెయ్యి. పుట్టుకతోనే నాది ఎడమచేతి వాటం. బొంగరం తిప్పినా, రాయి విసిరినా, గొడ్లను అదిలించినా అదే ముందుండేది. అన్నం దగ్గర కూడా అది ముందుకు రాబోతుంటే నాయనమ్మ తన పాత నేత చీర అంచు చించి, ఆ పేలికతో నా ఎడమ మణికట్టును వసారా గుంజకు కట్టేసేది. గోంగూర పచ్చడి వాసన, ఉల్లిపాయ వాసన, గుంజకు కట్టిన చెయ్యి. నా చిన్ననాటి భోజనం అంటే ఈ మూడూ కలిసే గుర్తొస్తాయి. కొన్నేళ్లకు కుడి చెయ్యి తినడం, రాయడం, పెద్దవాళ్ల ముందు ఇచ్చిపుచ్చుకోవడం నేర్చుకుంది. ఎవరూ చూడనప్పుడు మిగతా పనులన్నీ ఎడమ చెయ్యే చేసేది. ఇద్దరి మధ్యా నేనొక మధ్యవర్తిని.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్త. ఆ ఏడు నాయనమ్మ బావి కింద నూరు నిమ్మ మొక్కలు పెట్టించింది. వాటికది మొదటి వేసవి. మూడు రోజులకొకసారి నీళ్లు తగలకపోతే బతకవు. నీళ్లు తోడేది మోట. మోటకు ప్రాణం బాన, అంటే ఇనప రేకుతో చేసిన పెద్ద బొక్కెన. దాని అడుగున తోలు తొండం ఉంటుంది. మా బాన అప్పటికే అతుకుల మీద అతుకులు పడి, అసలు రేకెక్కడుందో వెతుక్కోవలసిన స్థితిలో ఉండేది. సరిగ్గా నడివేసవి కత్తెర ఎండలు మొదలైన రోజున అది బావి మధ్యలో నిలువునా చీలిపోయింది. బానలు చేసే కారంపూడి కమ్మరి యుద్ధ సమయంలో ఎక్కడో కార్ఖానాలో పనికి పోయి తిరిగి రాలేదు. మా వీధి చివర కాశిం తాత ఉన్నాడు గానీ, కిరసనాయిలు డబ్బాలతో దీపాలు, గరాటాలు చేసే ఆయనకు రెండు కళ్లలో పొరలు కమ్మి, చేతి తడుముతో చిన్న చిన్న అతుకులు మాత్రమే వేస్తున్నాడు. కొత్త రేకు కావాలంటే పర్మిట్ కావాలి. తాలూకాఫీసు చుట్టూ తిరిగితే మాకు దక్కింది ఒకే ఒక్క రేకు.

"నేను చేస్తా నాయనమ్మా. కాశిం తాత చెబుతుంటే నేను కోసి, వంచి చేస్తా. పనిముట్లు కొనిపెట్టు" అన్నాను. కోతలు కొయ్యడంలో నాకు అప్పటికే మంచి అనుభవం ఉంది. రేకు కొయ్యడమే కొత్త. వంచడం సంగతి అడిగితే, అప్పటిదాకా నేను వంచింది తల ఒక్కటే.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. వీపు మీద కొట్టి చూస్తుందేమో అనుకున్నాను.

"సరే. గొడ్ల చావిడిలో ఆ చివరి గది నీకిస్తా. మొక్కలు బతికినయ్యంటే ఆ గది నీది, ఆ పని నీది. ఎండినయ్యంటే మీ మామ దగ్గిర పొగాకు కొట్లో గుమాస్తాగా పోతావు. మళ్లా మాట్టాడేది లేదు" అంది.

పొగాకు కొట్లో నేను ఒక వేసవి గడిపాను. ఆ ఘాటు తలుచుకుంటేనే తుమ్ములొచ్చేవి. కాబట్టి నా ముక్కుతో సహా నేను మొత్తంగా ఆ మొక్కల మీదే ఆధారపడ్డాను.

శనివారం ఇనుము ఇంటికి తేకూడదు గనుక శుక్రవారం బయల్దేరాం. కొండ వెనక ఆకాశం ఎర్రబడుతుంటే బండి కట్టాను. దారి పొడుగునా నా నోరు ఆగలేదు. కత్తెర ఎంత పొడుగుండాలి, రంపానికి ఎన్ని పళ్లుండాలి, గదిలో ఏది ఏ మూల పెట్టాలి అని వల్లించాను. ఇందులో సగం శ్రద్ధ చూపి ఉంటే ఇంటర్మీడియట్ నాలుగుసార్లు పాసయ్యేవాణ్ణి. నాయనమ్మ వక్కాకు నములుతూ "ఎద్దులు బెదురుతన్నయిరా" అని మాత్రం అంది.

కొట్టు తలుపులు తీసేసరికి మేమున్నాం. మూసేసిన మిలిటరీ క్యాంపుల సరుకు వేలంలో కొనుక్కొచ్చి షావుకారు కొట్టు నిండా పోసుకున్నాడు. గ్రీజు పూసిన కాగితాల్లో చుట్టిన ఆకురాళ్లు, పెట్టెల కొద్దీ ఉలులు, గోడకు వేలాడే రంపాలు, మూలన రైలు పట్టా ముక్కలు. ఆ గ్రీజు వాసన ముక్కుకు తగలగానే నాకు ఆకలీ నిద్రా రెండూ పోయాయి. ఏది చూస్తే అది కావాలనిపించింది. అన్నిటికంటే ఎక్కువగా, మూడు ఇనప రోలర్లకు పక్కన పిడి ఉన్న ఒక యంత్రం ముందు నేను పాతేసినట్టు నిలబడిపోయాను.

"ఇదేం చేసిద్ది నాయనా?" అని నాయనమ్మ షావుకారును అడిగింది.

"రేకుని గుండ్రంగా వంచుద్ది పెద్దమ్మా. చానా గట్టి సరుకు."

"మా ఇంట్లో తాటిమొద్దు గూడా గుండ్రంగానే ఉంది. దాని మీదేసి కొడితే అదీ వంచుద్ది. పద" అంది నాతో.

రోలర్ల యంత్రంతో నా సంబంధం అక్కడితో తెగింది. కొయ్య సుత్తి కూడా వద్దంది. చింతమొద్దు మనింట్లో ఉండగా చెక్కను కొనేదేందంది. తర్వాత మరబిగింపు చూసింది. దాన్ని వైసు అంటారని షావుకారు చెప్పి, ఒక ఊచను అందులో పెట్టి మర తిప్పి బిగించాడు. నాయనమ్మ ఆ ఊచను రెండు చేతులా పట్టుకుని లాగింది. రాలేదు.

"పట్టుకుంటే వదలదా?"

"మనం వదిలిస్తే తప్ప వదలదమ్మా."

"అయితే ఇది ఇయ్యి. మా ఇంట్లో ఒక్కటన్నా పట్టుకుంది వదలకుండా ఉండాల" అని నా వైపు చూసింది. షావుకారు నవ్వాడు. నేను ఆకురాళ్లు లెక్కపెడుతున్నట్టు నటించాను.

వంచడానికి దిమ్మెగా రైలు పట్టా ముక్క కావాలి. రెండు ఉన్నాయి. ఒకటి నున్నగా మెరుస్తోంది, రెండోది తుప్పు పట్టింది. నేను మెరిసేదాని మీద చెయ్యి వేశాను. నాయనమ్మ వంగి, సంతలో కుండలు ఏరినట్టు, ఒక ఊచ ముక్కతో రెండిటినీ కొట్టి చెవి పెట్టింది. తుప్పుది ఖంగుమంది. మెరిసేది గొణిగింది.

"ఇది పగిలింది" అంది.

"మిలిట్రీది పెద్దమ్మా, పగలదు" అన్నాడు షావుకారు. కానీ ఆయనకూ అనుమానం వచ్చి కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఒక పక్కన వెంట్రుకంత చీలిక కనిపించింది. అప్పటినుంచి ఆయన ఏ వస్తువు తీసినా ముందు నాయనమ్మ చెవి దగ్గర మోగించి గానీ నాకు చూపించలేదు. ఆ వరసన రెండు ఉలులు, ఒక రంపం, ఒక సుత్తి, రెండు ఆకురాళ్లు మోగి నెగ్గాయి.

చివరికి కత్తెర వచ్చింది. మోచేతంత పొడుగు, నల్లటి పిడులు, నోరు మూస్తే గాలి కూడా దూరదు. షావుకారు పలచని డబ్బా రేకు ముక్క ఒకటి ఇచ్చి కోసి చూడమన్నాడు. నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. పక్కన నాయనమ్మ గొంతు సవరించుకుంది. బోణీ వేళ ఎడమ చేత్తో ఇనుము అందుకుంటే ఆ కొట్టాయన ఏమనుకుంటాడు, అది మన మర్యాదేనా అన్నంత అర్థం ఆ చిన్న దగ్గులో ఉంది. కుడి చేత్తో తీసుకున్నాను. కుడి చేత్తోనే కోశాను. గోంగూర కాడలు తుంచినట్టు తెగింది. "బాగుంది" అన్నాను, రేకు శాస్త్రం అంతా చదివినవాడిలా.

ఇంటికి తెచ్చి పనిముట్లకు పసుపూ కుంకుమా పెట్టాం. వైసును తుమ్మ మొద్దు మీద బిగించాను. ఒక్కో పనిముట్టుకూ ఒక్కో మేకు కొట్టి తగిలించాను. మళ్లీ తీసి చోటు మార్చాను. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి, మూడోసారి మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టి పోయింది. మర్నాడు కాశిం తాత వచ్చి, మేకుకు దారం కట్టి రేకు మీద గీతలు ఎలా గీయాలో చెప్పాడు. ఆయన చెప్పినట్టు గీశాను. ఆయన నమాజుకు వెళ్లగానే కోత మొదలుపెట్టాను.

ఎవరూ చూడటం లేదు కాబట్టి ఎడమ చేత్తో. ఆ రేకు డబ్బా రేకుకు నాలుగింతల మందం. కత్తెర నోరు తెరిచింది, మూసుకుంది. రేకు తెగలేదు. రెండు నాలుకల మధ్యకు దూరి, మొహం చిట్లించినట్టు ముడుచుకుంది. లాగి, మళ్లీ ఒత్తాను. మళ్లీ ముడుచుకుంది. కొయ్యడానికి కొన్నది వంచుతోంది. వంచడానికి కొన్నవి మూలన ఖాళీగా ఉన్నాయి. కుడి చేతికి మార్చాను. ముద్దలు కలపడం తప్ప బలం ఎరగని చెయ్యి, రెండంగుళాలు పోయేసరికి వణికి గీత దాటబోయింది. ఆపేశాను. జానెడు మేర అంచు, కుక్క నమిలిన చెప్పులా తయారైంది. రేకు ఒక్కటే. ఇంకోటి ఈ ఏడు రాదు. దాని మీద గోనెపట్టా కప్పి, తలుపు దగ్గరకు వేసి, కావడి తీసుకుని మొక్కలకు నీళ్లు మొయ్యడానికి పోయాను.

కావడి మీద ఎన్ని నీళ్లు వస్తాయి? రెండు రోజులకే చివరి వరుసల్లో ఆకులు దోసిలి పట్టినట్టు ముడుచుకున్నాయి. ఆ సాయంత్రం నాయనమ్మ అడిగింది.

"ఏందిరా, యాడిదాకా వచ్చింది?"

"కోత మొదలైంది నాయనమ్మా."

"నీ కోతలు నాకు తెలుసు. రేకు సంగతి అడుగుతన్నా."

మర్నాడు పొద్దున్నే వెళ్లి కాశిం తాతను చెయ్యి పట్టుకుని చావిడికి తీసుకొచ్చాను. గోనెపట్టా తీశాను. ఆయన చూడలేడు గదా. అంచు మీద బొటనవేలు పెట్టి, నిదానంగా, చదువుతున్నట్టు ముందుకు జరిపాడు. సగం దూరం పోయాక వేలు ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చింది. కత్తెర అడిగి తీసుకుని, దాని నాలుకలను కూడా అలాగే తడిమాడు.

"మనవడా, అన్నం ఏ చేత్తో తింటావు?"

"కుడి చేత్తో తాతా."

"కుక్కను ఏ చేత్తో కొడతావు?"

అదే సమయానికి గడప దగ్గర చెంబు చప్పుడైంది. పాలు పితకడానికి వచ్చిన నాయనమ్మ అక్కడే నిలబడి ఉంది.

"చెప్పరా" అంది.

"ఎడం చేత్తో" అన్నాను.

"అదీ సంగతి. ఇది కుడి చేతి కత్తెర అక్కా. కుడి చేత్తో నొక్కితే రెండు నాలుకలూ ఒకదాన్నొకటి రాసుకుంటయ్యి. ఎడం చేత్తో నొక్కితే పక్కకి తొలుగుతయ్యి. రేకు మధ్యలో దూరి మడత పడుద్ది. కొట్లో ఎడం చేత్తో కోసి చూసుంటే అక్కడే తెలిసిపోయేది. మిలిట్రీ సామాన్లో ఎడం చేతిది గూడా ఉండేదేమో. ఏం మనవడా, ఎందుకు చూళ్లేదు?"

నేను నాయనమ్మ వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు. ఎందుకు చూడలేదో ఆ గదిలో తెలియనిది కాశిం తాతకు ఒక్కడికే. ఆయనకూ మా నిశ్శబ్దం విన్నాక తెలిసినట్టుంది, చిన్నగా నవ్వాడు.

"పోనియ్ అక్కా. నువ్వు వీడి చెయ్యి గుంజకు కట్టేసేదానివి గదా. ఇప్పుడు వీడు కత్తెర కాలు కట్టేస్తాడు."

ఆయన చెప్పినట్టు కత్తెర కింది పిడిని వైసులో పెట్టి బిగించాను. కత్తెర మొసలి నోరు తెరిచినట్టు అడ్డంగా నిలబడింది. నన్ను రెండో పక్కకు వచ్చి నిలబడమన్నాడు. పై పిడిని ఎడమ అరచేత్తో, ఒంటి బరువంతా వేసి, కొంచెం నా వైపు లాక్కుంటూ నొక్కమన్నాడు. రేకును కుడి చేత్తో పట్టుకోవాలి. కానీ అంత పెద్ద రేకు ఒక్క చేతికి ఆగదు, కొస వేలాడిపోతోంది.

నాయనమ్మ చెంబు కింద పెట్టింది. వచ్చి రేకు రెండో కొస పట్టుకుంది. తర్వాత గొంతు సవరించుకోకుండానే అంది.

"ఎడం చేత్తోనే కొయ్యి. ఇనుముకేం తెలుసు, ఏది మంచి చెయ్యో."

నొక్కాను. కర్రుమని శబ్దం వచ్చింది. గీత పొడుగునా రేకు విచ్చుకుంటూ పోయింది. నా ఎడమ చెయ్యి పెద్దల సమక్షంలో, బాహాటంగా, ఒక పని చెయ్యడం అదే మొదలు. నాకు కేక వెయ్యాలనిపించింది. వేస్తే గీత తప్పుతుందని పళ్లు బిగబట్టాను. సగం కోతకే అరచేతిలో బొబ్బ లేచింది. నాయనమ్మ లోపలికి పోయి, తన పాత చీర అంచు ఒక పేలిక చించుకొచ్చింది. ఆ పేలికను నేను గుర్తుపట్టాను. ఆవిడా నేను గుర్తుపట్టడం చూసింది. ఈసారి దాన్ని నా మణికట్టుకు కట్టలేదు. కత్తెర పిడికి చుట్టి, చుట్టి, గట్టిగా ముడి వేసింది.

నమిలినట్టయిన జానెడు అంచు సంగతి అడిగితే, కోతలో చేసిన తప్పును వంపులో దాచుకోవచ్చన్నాడు కాశిం తాత. ఆ అంచును రైలు పట్టా మీద పెట్టి చింతమొద్దు సుత్తితో మడిచి, లోపల ఇనప తీగ పెట్టి, బాన మూతిగా చేయించాడు. మిగతాది తాటిమొద్దు మీద వేసి వంచాం. నేను కొడుతుంటే ఆయన రేకు మీద అరచెయ్యి పెట్టి, "ఇక్కడ చాలు, అక్కడ ఇంకొంచెం" అనేవాడు. ఊరంతటికీ వినబడేలా రెండు రోజులు మోగింది మా చావిడి. నాకది మేళంలా ఉండేది, గొడ్లకు ఎలా ఉండేదో తెలియదు.

మూడో నాటి పొద్దున బాన బావి దగ్గరకు చేరింది. దించే ముందు నాయనమ్మ వేలి కణుపుతో దాన్ని ఒక్కటి కొట్టి, తల వంచి విని, దించమంది. ఎద్దుల్ని నేనే తోలాను. బాన నిండా నీళ్లతో పైకొచ్చి, తొండం ఒరిగి, కాలువ తెల్లగా పొంగింది. ఒక్క అతుకు దగ్గర మాత్రం సన్నగా దారంలా కారుతోంది. పొగాకు వాసన ముక్కులోకి వచ్చేసింది.

నాయనమ్మ వంగి చూసి, "కారేది కాదులే ఇది. కొత్త గదా, చెమట పోసింది" అంది.

తొంభై మొక్కలు బతికాయి. గది నాదయింది. మోటలు పోయి ఆయిలు ఇంజన్లు వచ్చేదాకా ఆ గదిలోనే చుట్టుపక్కల ఊళ్లకు బానలు చేశాను. అన్నం దగ్గర నాయనమ్మ చివరిదాకా రాజీ పడలేదు; చావిడిలో మాత్రం సుత్తి అందించాల్సి వస్తే చూసి చూసి నా ఎడమ చేతికే అందించేది. ఆవిడా కాశిం తాతా వెళ్లిపోయాక అలా వినేవాళ్లనూ తడిమేవాళ్లనూ నేను చూడలేదు. ఇప్పుడు పనిముట్లన్నీ ప్లాస్టిక్ అట్టల్లో బిగించి వస్తున్నాయి. కొట్టి వినేందుకు వీల్లేదు. మరో పక్క, నూరు మొక్కలు పణం పెట్టి మేం తెలుసుకున్న సంగతి ఇప్పుడు అట్ట మీదే అచ్చేసి ఉంటోంది. ఏది మేలంటే నేను తేల్చలేను. తేల్చగలిగితే ఇంటర్మీడియట్ అయినా పాసయ్యేవాణ్ణి.

"మీది ఎడం చేతి వాటమా అమ్మా? అయితే ఇది కాదు, దానికి వేరే ఉంటది" అంటున్నాడు కొట్టాయన. బోణీ గురించి ఆయనకు ఏ పట్టింపూ ఉన్నట్టు లేదు. లోపలినుంచి ఆకుపచ్చ పిడుల కత్తెర తెచ్చి, ఒక రేకు ముక్క ఇచ్చాడు. శ్రావణి రెండు కోతలు కోసి, కళ్లు పెద్దవి చేసి, "తాతయ్యా, నువ్వూ చూడు" అని నా ముందు చాచింది.

నా కుడి చెయ్యి అలవాటు ప్రకారం లేచింది. దాన్ని వెనక్కి తీసుకుని నడుము మీద పెట్టుకున్నాను. ఎడమ చెయ్యి చాచి కత్తెర అందుకున్నాను. అందుకుని, ఒక్క క్షణం ఆగి విన్నాను. ఎవరూ గొంతు సవరించుకోలేదు. నొక్కాను. ముక్క తెగి బల్ల మీద పడింది. దాని అంచు మీద బొటనవేలు పెట్టి, కళ్లు మూసుకుని, ఈ చివరినుంచి ఆ చివరిదాకా జరిపాను. ఎక్కడా ఆగలేదు.